బారామహల్ సీమలో ఓదార్పు చరిత్ర: మనోగాయము, మాతృభాష

కృష్ణగిరికి తూర్పున, వాణియంబాడికి పోవు రాజమార్గముపై బర్గూరు ఉన్నది. దానికి ఉత్తరమున ఆంధ్రదేశమునకు చెందిన కుప్పము సీమ, పడమట హోసూరు, దానికావల కన్నడదేశము. మూడు భాషలు కలియు ఈ ప్రదేశమును పూర్వులు బారామహల్ అనిరి. విజయనగర సామంతుడైన జగదేవరాయలు దీనిని ఏలెను. ఆయన పేరిట జగదేవి దుర్గము నేటికిని బర్గూరు చెంతనే నిలిచియున్నది. 1792లో శ్రీరంగపట్టణపు సంధి వలన బారామహల్ ఆంగ్లేయుల వశమయ్యెను. 1799లో టిప్పు సుల్తాను పతనానంతరము హోసూరు సీమయు వారికి దక్కెను. చిరకాలము సేలము జిల్లాలో నుండిన ఈ ప్రాంతము 1965లో ధర్మపురి జిల్లాలోను, 2004లో నూతనముగా ఏర్పడిన కృష్ణగిరి జిల్లాలోను చేరినది. ఏలికలు మారినను, సరిహద్దులు మారినను, ఇక్కడి వేలాది కుటుంబములలో ఇంటి పలుకు తెలుగే. నేటికిని జిల్లాలో తమిళము తరువాత ఎక్కువమంది మాతృభాష ఇదియే.

ఈ సీమ చరిత్రను వ్రాసినవారు యుద్ధములను, కోటలను, భూమిశిస్తు పద్ధతులను విపులముగా వర్ణించిరి. యుద్ధములో కొడుకును కోల్పోయిన తల్లి ఎట్లు బ్రతికినది? కరువులో ఆలుబిడ్డలను పోగొట్టుకొన్న రైతు మరల నాగలి ఎట్లు పట్టెను? వానిని ఎవరు ఓదార్చిరి? ఏ మాటలతో ఓదార్చిరి? ఈ ప్రశ్నలకు గ్రంథములలో చోటు తక్కువ. భయంకర సంఘటనల వలన మనస్సునకు తగులు దెబ్బను నేటి వైద్యులు మనోగాయమందురు. దానిని మాన్పుటకై మాటల ద్వారా చేయు సాయమునకు కౌన్సెలింగు అని పేరు. ఆ పేరు క్రొత్తది, పని మాత్రము పాతది. పేదల యిండ్లలో ఈ పని ఎట్లు జరిగినది, ఎచ్చట కొరవడినది, నేడెట్లు జరుగవలెను అను విషయమును ఈ వ్యాసమున పరిశీలింతము.

రాతిపై చెక్కిన ఓదార్పు

కృష్ణగిరి, ధర్మపురి ప్రాంతములు వీరగల్లులకు ప్రసిద్ధి పొందినవి. 1993లో కృష్ణగిరియందు స్థాపింపబడిన ప్రభుత్వ మ్యూజియములో ఇట్టి శిలలను చూడవచ్చును. పశువులను దొంగలు తోలుకొనిపోవుచుండగా అడ్డుపడి మరణించినవాడు, ఊరిని కాచుచు నేలకొరిగినవాడు, వన్యమృగముతో పోరాడి చనిపోయినవాడు వీనిపై కనబడుదురు. పలు శిలలపై మూడు అంతస్తులుండును. క్రింద పోరాటము, నడుమ వీరుని కొనిపోవు దేవకాంతలు, పైన దేవలోకము.

చరిత్రకారులు వీనిని లిపికొఱకును, రాజుల పేర్లకొఱకును పరిశీలించిరి. ఇందు వేరొక అర్థము కూడ ఉన్నది. హఠాత్తుగా, హింసాత్మకముగా సంభవించిన మరణమునకు ఈ రాయి ఒక కథను కల్పించినది. క్రింది అంతస్తులోని భయంకర దృశ్యమును దాచలేదు. దానితో కథను ముగింపనులేదు. పైగా ఆ దుఃఖము ఒక ఇంటిది మాత్రమే కాదని, ఊరందరిదని నలుగురు నడచు చోట నిలువబెట్టి చాటినది.

మఱియొక విశేషము. వీరమరణము పొందినవాని కుటుంబమునకు భూమి నిచ్చు ఆచారము ఉండెను. అట్టి దానమును తమిళ శాసనములు ఉదిరప్పట్టి యనియు, కన్నడ శాసనములు నెత్తరుగొడగె యనియు పేర్కొన్నవి. నెత్తురునకు బదులుగా ఇచ్చిన పొలమని భావము. అనగా మన పూర్వులకు ఓదార్పు వట్టి మాట కాదు. మాటతోడ గింజ, గింజతోడ గౌరవము, ఈ మూడును కలిసిననే దుఃఖితునకు ఊరట. ఈ సూత్రమును మరువరాదు. పేదవాని మనోగాయమునకు మాటలతో మాత్రమే చికిత్స చేయబూనినవారు అసలు విషయమును విడిచినవారగుదురు.

ధాత కరువు

ఈ సీమ అనుభవించిన మహా విపత్తులలో 1876-78 నాటి కరువు ముఖ్యమైనది. ధాత నామ సంవత్సరమున ఆరంభమైనందున ప్రజలు దానిని ధాత కరువనిరి. సేలము జిల్లా జనాభా 1871 లెక్కలలో సుమారు 19 లక్షల 67 వేలు. పదేండ్ల తరువాత 1881లో అది సుమారు 16 లక్షలకు దిగజారెను. అనగా దాదాపు ప్రతి అయిదుగురిలో ఒకరు లేకపోయిరి. కొందరు వలసపోయిరి, పెక్కుమంది ఆకలికిని, కలరా మొదలగు వ్యాధులకును బలియైరి.

అప్పటి ప్రభుత్వము చేసిన సహాయము తూకముతో కొలిచినది. 1877 ఆరంభమున రిచర్డు టెంపుల్ దొర కరువు పనులలో మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యమును, ఒక అణాయును చాలునని నిర్ణయించెను. చెన్నరాష్ట్ర ఆరోగ్యాధికారి కార్నిష్ ఆ కూలితో కష్టపని చేయు మనుష్యుడు బ్రతుకజాలడని వాదించెను. ఈ వాదము చరిత్రలో ప్రసిద్ధమైనది. ఇరుపక్షముల వారును కొలిచినది దేహమునే. కరువు అనంతరము ఏర్పడిన విచారణ సంఘము 1880లో తన నివేదిక సమర్పించెను. దాని ఫలితముగా కరువు నిబంధనావళులు వెలువడెను. పనులు, కూలి, గంజి కేంద్రములు, పశుగ్రాసము వంటివానికి అందు నియమములు కలవు. ఇంటిల్లిపాదిని పాతిపెట్టి ఒంటరియైన మనుష్యుని మనస్సు ఆ నియమముల పరిధిలో లేకపోయెను.

దీనికి ఆ కాలపు అధికారులను మాత్రమే నిందించుట న్యాయము కాదు. నూరేండ్ల తరువాత కూడ పరిస్థితి అంతగా మారలేదు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో పదివేలమందికి పైగా అసువులు బాసిరి. దేశమంతట నుండి బట్టలు, బియ్యము, ఇండ్లు కట్టుటకు ధనము వచ్చెను. స్వచ్ఛంద సేవకులు శవసంస్కారములు సైతము చేసిరి. అది మహోన్నతమైన సేవ. కాని కళ్లయెదుట బిడ్డలు కొట్టుకొనిపోగా చెట్టుకొమ్మను పట్టుకొని బ్రతికినవారి మనస్సునకు ప్రత్యేక చికిత్స అవసరమను భావము ఆనాటి సహాయ ప్రణాళికలలో ఇంకను వేళ్లూనలేదు.

ఊరి ఓదార్పు: గుణదోషములు

ప్రభుత్వము చేయని పనిని ఊరు తనకు చేతనైనంత చేసికొన్నది. చావు జరిగిన ఇంట పొయ్యి వెలిగింపరు. బంధువులు అన్నము తెత్తురు. ఆడువారు ఒకరి మెడపై నొకరు చేతులు వేసికొని, చనిపోయినవాని గుణములను వరుస పెట్టి చెప్పుకొనుచు రాగము తీసి ఏడ్తురు. దీనిని తమిళులు ఒప్పారి యందురు. బయటివారికి ఇది అతిగా తోచవచ్చును. కాని దుఃఖము చెప్పుకొనుటకు ఒక రూపము, ఒక వేళ, ఒక తోడు ఇందు లభించుచున్నవి. పెద్దకర్మ నాటికి బంధువులు మరల కూడుదురు. అప్పటికి ఏడ్పు కొంత తగ్గును, ఇక బ్రతుకు సంగతి మాటాడుకొందురు.

ఈ సీమలోను, పొరుగున చిత్తూరు ప్రాంతములోను ద్రౌపదమ్మ గుడుల యొద్ద పలుదినములు భారత ఉత్సవము జరుగును. పగలు హరికథ, రాత్రి వీధినాటకము. అర్జునుని తపస్సు నాడు పొడవైన మ్రానునెక్కు దృశ్యము, తుదకు మట్టితో చేసిన దుర్యోధనుని వధ, నిప్పులగుండము. అభిమన్యుడు పడినప్పుడు సభలో కన్నీరు పెట్టనివారు అరుదు. ఆ కన్నీరు సుభద్రకొఱకే కాదు, ఎవరి ఇంటి అభిమన్యునికొఱకు వారిది. ఇంటిలో చెప్పుకొనరాని దుఃఖమును నలుగురిలో సిగ్గుపడక విడుచుటకు భారతము తావిచ్చినది.

ఐనను ఊరి ఓదార్పును కేవలము పొగడుట సత్యదూరము. భర్త పోయిన స్త్రీని అపశకునముగా చూచినది ఈ ఊరే. ఆత్మహత్య జరిగిన ఇంటిని వెలివేసినట్లు చూచినదియు ఈ ఊరే. పొలిమేర బయట నివసింప వలసి వచ్చినవారికి ఊరి నడుమ జరుగు ఉత్సవములో సమాన స్థానము లభింపలేదు. అన్నిటికంటె ముఖ్యముగా, బిడ్డపై గాని స్త్రీపై గాని అత్యాచారము జరిగినప్పుడు, పరువు పోవునను భయముతో నోరు మూయించుటయే ఊరి మొదటి పని అయినది. చావునకు ఏడ్పు పాట ఉన్నది, మానభంగమునకు లేదు. ఎచ్చట ఊరి ఓదార్పు మౌనమైనదో అచ్చటనే శిక్షణ పొందిన సహాయము ఎక్కువ అవసరము.

శాస్త్రము పల్లెకు నడచిన దారి

హోసూరునకు చేరువలోని బెంగుళూరు ఈ విషయమున దేశమునకే మార్గదర్శకమైనది. అచ్చటి మానసిక వైద్యశాలకు అనుబంధముగా 1954లో అఖిల భారత మానసికారోగ్య సంస్థ వెలసెను. 1974లో ఈ రెండును కలిసి నిమ్‌హాన్స్ అయినది. 1970ల నడిమి కాలమున ఆ సంస్థ సామాజిక మనోవైద్య విభాగమును నెలకొల్పి, బెంగుళూరు దక్షిణమున సకలవార గ్రామమున కేంద్రము పెట్టి, పల్లె ఆరోగ్య కార్యకర్తలకును వైద్యులకును శిక్షణ నిచ్చు పద్ధతిని రూపొందించెను. 1982లో జాతీయ మానసికారోగ్య కార్యక్రమము ప్రకటింపబడినది. ఆ దశాబ్దమున తెలుగు, కన్నడములు కలిసి వినబడు బళ్లారి జిల్లాలో నిమ్‌హాన్స్ నడిపిన ప్రయోగము జిల్లా కార్యక్రమమునకు నమూనా అయినది. 1996లో జిల్లా కార్యక్రమము ఆరంభమైనప్పుడు మొదట ఎన్నుకొన్న నాలుగు జిల్లాలలో తెలుగునాట మెదకును, తమిళనాట తిరుచిరాపల్లియు ఉన్నవి.

విపత్తుల విషయమున మలుపు 1984 డిసెంబరులో భోపాలు విషవాయు ప్రమాదముతో వచ్చినది. నిమ్‌హాన్స్‌కు చెందిన ఆచార్య ఆర్. శ్రీనివాసమూర్తి మున్నగువారు అచ్చటి సాధారణ వైద్యులకు మానసిక బాధలను గుర్తించుటలో శిక్షణ నిచ్చిరి. బాధితులు వేలకు వేలు, మనోవైద్యులు వ్రేళ్లపై లెక్కింపదగినవారు. కావున ఉన్నవారికి నేర్పుట తప్ప మార్గాంతరము లేకపోయెను. 1999 నాటి ఒరిస్సా మహా తుపాను తరువాత ఈ భావము మఱింత ముందునకు సాగినది. అక్కడ గ్రామములలోని యువతీయువకులే స్నేహకర్మి అను పేర బాధితుల యిండ్లకు వెళ్లి, వారితో కూర్చుండి, వారి మాట వినిరి. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తమిళనాడు తీరమును, ముఖ్యముగా నాగపట్టణమును ధ్వంసము చేసినప్పుడు ఉపాధ్యాయులకును, గ్రామ కార్యకర్తలకును ఇట్టి శిక్షణయే ఇచ్చిరి.

ఈ యిరువది యేండ్ల చరిత్రలో ఒక క్రమము కనబడుచున్నది. భోపాలులో ఓదార్పు బాధ్యత మనోవైద్యుని నుండి సామాన్య వైద్యునికి, ఒరిస్సాలో వైద్యుని నుండి ఊరి మనిషికి దిగివచ్చినది. ఇది శాస్త్రము తగ్గుట కాదు, శాస్త్రము చేరవలసిన చోటికి చేరుట.

దేశాంతరముల అనుభవము

పాశ్చాత్య దేశములలో మనోగాయము వలన కలుగు వ్యాధికి 1980లో అమెరికా మనోవైద్యుల వర్గీకరణ గ్రంథమున ఒక పేరు నిలిచినది. వియత్నాము యుద్ధము నుండి తిరిగివచ్చిన సైనికుల స్థితి దీనికి ముఖ్య కారణము. పిమ్మట విపత్తు జరిగిన వెంటనే బాధితులను కూర్చుండబెట్టి జరిగినదంతయు ఒక్కసారి చెప్పించు పద్ధతి వ్యాపించెను. దానిపై జరిగిన పరీక్షలన్నిటిని కలిపి చూడగా, ఆ పద్ధతి వలన మేలు లేదని, కొందరికి కీడు కూడ కలుగవచ్చునని తేలినది. 2007లో అంతర్జాతీయ సంస్థలు కలిసి వెలువరించిన మార్గదర్శక సూత్రములు బలవంతముగా కథ చెప్పింపరాదని, ముందు అన్నము, నీడ, భద్రత, బంధువుల జాడ సమకూర్చవలెనని, స్థానికుల ఆచారములను గౌరవింపవలెనని పేర్కొన్నవి. మాటతోడ గింజ, గింజతోడ గౌరవము అని మన వీరగల్లులు చెప్పిన సూత్రమునకు ఇది దూరము కాదు.

ఆఫ్రికాలోని జింబాబ్వే దేశమున డిక్సన్ చిబాండా అను మనోవైద్యుడు 2006లో హరారే నగరపు పేదపేటలో ఒక ప్రయత్నము మొదలిడెను. ఆస్పత్రి ఆవరణములో చెట్టు క్రింద ఒక బల్ల. దానిపై శిక్షణ పొందిన అవ్వ కూర్చుండును. బాధితుడు వచ్చి ఆమెతో మాటాడును. వారి షోనా భాషలో మనోవ్యాకులతకు అతిగా ఆలోచించుట అని అర్థమిచ్చు పదమున్నది. ఆ అవ్వలు రోగముల పేర్లను వాడక ఆ పదమునే వాడిరి. 2016లో ప్రకటింపబడిన పరిశోధన ఈ అవ్వల సాయము వలన బాధితుల వ్యాకులత స్పష్టముగా తగ్గినట్లు నిరూపించెను. పేదరికము నడుమను, మనోవైద్యులు లేని చోటను, సొంత భాషలో, వయసు గల మనిషి చేసిన ఓదార్పు శాస్త్ర పరీక్షకు నిలిచినదని దీని వలన తెలియుచున్నది.

మాటలో ఉన్న మర్మము

తెలుగులో మనోవేదనకు ఉన్న పలుకుబడులను గమనించిన ఈ సత్యము మఱింత స్పష్టమగును. బిడ్డను పోగొట్టుకొన్న తల్లిది కడుపుకోత. అవమానము పొందినవానిది కడుపుమంట. దుఃఖితుని గుండె చెరువగును, మనసు విరుగును. భయపడిన పిల్లవాడు జడుసుకొనెననియు, వానికి జడుపు జ్వరము వచ్చెననియు అందురు. దిగులు, బెంగ, బెదురు అను మూడు పదములకు మూడు ఛాయలు. ఊరిపోయిన బంధువుకొఱకు బెంగ, రేపటి అప్పుకొఱకు దిగులు, చూచిన దృశ్యము వలన బెదురు. పుట్టినప్పటి నుండి ఈ మాటలతో పెరిగిన బిడ్డకు ఈ భేదములు తెలియును. వానిని వేరొక భాషలో అడిగినచో "కడుపు నొప్పి" అని మాత్రము చెప్పును. వినువాడు కడుపునకు మందిచ్చి పంపును.

బారామహల్ సీమలోని తెలుగు పిల్లలు ఆటలో, అంగడిలో తమిళము చక్కగా మాటాడుదురు. తమిళము వారికి శత్రువు కాదు, బ్రతుకుదెరువు. 2006 నాటి చట్టము తమిళనాడు పాఠశాలలలో తమిళమును క్రమక్రమముగా తప్పనిసరి చేసినది. మైనారిటీ భాషా విద్యార్థుల పరీక్షల విషయము న్యాయస్థానముల వరకు వెళ్లినది. ఆ వాదోపవాదములలో తెలుగు చదువు ఉద్యోగమునకు పనికివచ్చునా, మార్కులకు పనికివచ్చునా అను ప్రశ్నయే ముందునకు వచ్చినది. భయపడిన బిడ్డ నోరు విప్పుటకు ఏ భాష పనికివచ్చును అను ప్రశ్నను అడిగినవారు తక్కువ.

ఈ ప్రశ్న ఊహాజనితము కాదు. 2024 ఆగస్టులో బర్గూరు సమీపమున ఒక ప్రైవేటు పాఠశాలలో నకిలీ శిక్షణ శిబిరము పేర బాలికలపై జరిగిన అకృత్యము వెల్లడి కాగా రాష్ట్రమంతయు దిగ్భ్రాంతి చెందెను. ప్రభుత్వము ప్రత్యేక దర్యాప్తు బృందమును నియమించెను. దానితోబాటు సాంఘిక సంక్షేమ శాఖ కార్యదర్శి నాయకత్వమున మనోవైద్యులు, బాలల రక్షణ నిపుణులు గల సంఘమును ఏర్పాటు చేసెను. నేరమునకు శిక్ష ఎంత ముఖ్యమో బాధితుల మనస్సు కూడ అంత ముఖ్యమని ప్రభుత్వము గుర్తించుట ఇందలి విశేషము. ధాత కరువు నాటి తూకముల నుండి ఇది చాల దూరపు ప్రయాణము.

చట్టము కూడ భాషను మరువలేదు. బాలలపై లైంగిక నేరములకు సంబంధించిన 2012 నాటి చట్టము ప్రకారము బిడ్డ పలికినది పలికినట్లే వ్రాసికొనవలెను. అవసరమైనప్పుడు అనువాదకుని సాయము పొందవచ్చును. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము, చికిత్సకు ముందు రోగికి అర్థమగు భాషలో, అర్థమగు రీతిలో విషయము చెప్పి సమ్మతి పొందవలెనని నిర్దేశించినది. 2021 ఆగస్టు 5వ తేదీన తమిళనాడు ప్రభుత్వము ఇంటి ముంగిటికే వైద్యము తెచ్చు పథకమును ఈ జిల్లాలోని సామనపల్లి గ్రామముననే ప్రారంభించెను. 2022 అక్టోబరు 10న ఆరంభమైన టెలిమానస్ అను దూరవాణి సేవలో 14416 అను సంఖ్యకు రుసుము లేకుండ ఫోను చేసి తమ బాధను చెప్పుకొనవచ్చును. అందు తెలుగుతో సహా పలు భాషలకు ఏర్పాటు కలదు.

కర్తవ్యము

పైని చరిత్ర నుండి మూడు విషయములు తేలుచున్నవి. మొదటిది, పేదవాని మనోగాయమును అతని ఆకలి నుండి, అప్పు నుండి విడదీసి చూడరాదు. రెండవది, ఊరి ఆచారములలో మేలైనవానిని నిలుపుకొని, నోరు నొక్కువానిని విడిచిపెట్టవలెను. మంత్రించు పెద్దనో, దర్గాలోని సాయిబునో ఎగతాళి చేసిన కార్యకర్త యొద్దకు ఆ తల్లి మరల రాదు. ఆ పెద్దనే స్నేహితునిగా చేసికొని, తాయెత్తు కట్టిన పిమ్మట ఆస్పత్రికి కూడ పంపుమని కోరినవాడు బిడ్డను రక్షింపగలడు. మూడవది, ఓదార్పు బాధితుని సొంత మాటలో జరుగవలెను.

ఈ మూడవ పనిలో తెలుగు సంఘములకు ప్రత్యేక బాధ్యత కలదు. ప్రభుత్వ కౌన్సెలరులకు ఈ సీమ తెలుగు పలుకుబడులను తెలుపు చిన్న పదకోశమును సిద్ధపరుపవచ్చును. మైనారిటీ పాఠశాలల ఉపాధ్యాయులకు ప్రథమ మానసిక సహాయమున శిక్షణ ఇప్పింపుమని జిల్లా అధికారులను కోరవచ్చును. ఉపాధ్యాయుడు వైద్యుడు కాజాలడు, కారాదు. అతడు చేయవలసినది చూచుట, వినుట, తగినవారికి అప్పగించుట. నిన్నటివరకు వాగుడుకాయగా నుండిన పిల్ల నేడు మూగవోయినచో మొదట గుర్తించునది తరగతి ఉపాధ్యాయుడే. అట్టి రహస్యమును ఊరంతట చాటక, పరువు పేర దాచక, చట్టము చెప్పినచోట చెప్పుట అతని విధి.

భాషను రక్షించుటయనగా కావ్యములను, శాసనములను రక్షించుట యని మనము తలంతుము. అది నిజమే. కాని కావ్యము చదువలేని కూలివాని బిడ్డకు కూడ తెలుగు ఒక ఆస్తి. ఆ బిడ్డకు కష్టము వచ్చిననాడు, "ఏమైందమ్మా, చెప్పు" అని అడుగు ఒక గొంతు తన ఇంటి పలుకులో వినబడవలెను. బారామహల్ సీమలో ఆ గొంతు ఆరిపోకుండ చూచుట తెలుగు సంఘములు చేయదగిన సేవలలో మొదటి వరుసలోనిది.